పిచ్చికలదిన్నె గంజి డేగిసా

బ్రాడీపేటలోని ఆ ఇంటి వీధి తలుపు పానకాలు తీసేసరికే ఒక పెద్దమనిషి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, దుమ్ము కొట్టుకుపోయిన పైజమా, భుజాన తువ్వాలు. చలిగాలి వీస్తున్నా నుదుటి మీద చెమట పట్టి ఉంది. గుంటూరులో ‘ప్రైవేటు డిటెక్టివు’ అన్న బోర్డు ఉన్న ఇల్లు అదొక్కటే కాబట్టి ఎవరి కోసం వచ్చారని పానకాలు అడగలేదు. లోపలికి పిలిచి కుర్చీ చూపించి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు.

ఆయన చేయి అడ్డం పెట్టాడు.

“ఆయన ఒక్కపొద్దులో ఉన్నారు పానకాలూ. రంజాను నెల కదా,” అంటూ లోపలి గదిలోంచి శ్రీమన్నారాయణ వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. సన్నగా, నిదానంగా ఉంటాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాడు. మంగళగిరిలో మగ్గం వదిలేసి వచ్చి ఆయన దగ్గర చేరిన పానకాలుకి ఆయన తేల్చలేని కేసు ఈ భూమ్మీద ఉంటుందన్న ఊహే లేదు.

“నా పేరు నాగూర్ వలి అండి,” అన్నాడు పెద్దమనిషి. “మార్టూరు దాటాక లోపలికి, పిచ్చికలదిన్నె మా ఊరు. చిన్న పత్తి వ్యాపారం. మసీదు పనులు కూడా నేనే చూస్తుంటాను. రేపు శుక్రవారం మా ఊళ్లో రక్తం పారుతుందేమోనని భయంగా ఉందండి.”

“మొదటినుంచీ చెప్పండి.”

“వరసగా రెండేళ్లు వానలు లేవు. కూలిజనానికి పని లేదు, తిండి లేదు. ఈ రంజానుకి మేమంతా ఒక మాట అనుకున్నాం. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు పగలు తినం కదా, ఆ తినని పూట ఖరీదు తెచ్చి ఒకచోట వేస్తే లేనివాళ్లకి గంజి కాచి పొయ్యొచ్చని. మొదలెట్టాక హిందువులు కూడా వచ్చి కలిశారు. సాలెవాళ్లు, కమ్మవారు, మాదిగపల్లెలో కాస్త ఉన్నవాళ్లు కూడా ‘మేమూ ఒక పూట మానేస్తాం’ అన్నారు. రేపు శుక్రవారం ఊరు ఊరంతా ఒక్కపొద్దు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు కూడా చందాలు తీసుకుని వస్తామన్నారు.”

“మరి భయమెందుకు?”

“గంజి కాచే డేగిసా పోయిందండి. రాగిది. పక్క ఊరి దర్గాలో ఉరుసుకి వాడేది. నా మాట మీద ఇచ్చారు. ఒక మనిషి లోపల కూర్చోవచ్చు, అంత పెద్దది. మొన్న సాయంత్రం మేము మసీదులో ఒక్కపొద్దు విడుస్తున్నాం. నమాజు చేసుకుని బయటికి వచ్చేసరికి పొయ్యి ఖాళీ.”

నాగూర్ వలి తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు.

“మా కుర్రాళ్లేమో చలమయ్యే తీశాడంటున్నారు. ఆయన పెద్ద రైతు. బావి ఉంది కాబట్టి మిరప పండింది. గంజి దొరికినప్పటినుంచీ సగం కూలికి కోతకి రావడం లేదని ఆయనకి కోపం. ఆయన మనుషులేమో సాయిబులే రాగి అమ్ముకుని మామీద వేస్తున్నారంటున్నారు. రేపు పొద్దున్న కర్రలు తీసుకుని ఆయన కల్లం మీదికి వెళతామని మా మీరావలి, వాడితో ఇంకొందరు కూర్చున్నారు. పోలీసుల్ని పిలిస్తే ఊరు రెండుగా చీలిపోతుంది. మీరు రావాలండి.”

శ్రీమన్నారాయణ లేచి చొక్కా మీద కోటు తొడుక్కున్నాడు.

“కాఫీ తాగి వెళదామా సార్?” అన్నాడు పానకాలు.

“ఆయన నీళ్లు కూడా ముట్టుకోలేదు. మనం ఊరు చేరాక చూద్దాం.”

*

ఒంగోలు బస్సులో చిలకలూరిపేట దాటినప్పటినుంచీ రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి చేలు నోళ్లు తెరిచి ఉన్నాయి. పత్తి మొక్కలు మోకాలెత్తు కూడా పెరగలేదు. మార్టూరులో దిగి ఎద్దుబండి మీద పిచ్చికలదిన్నె చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

మసీదు పక్కన తాటాకు చప్పరం. దాని కింద మూడు రాళ్ల పెద్ద పొయ్యి. పొయ్యి మీద ఇప్పుడు నాలుగైదు చిన్న కుండలు ఉన్నాయి. వాటిలో కాచిన గంజి ఎప్పుడో అయిపోయినట్టుంది, ఖాళీ గిన్నెలు పట్టుకుని ఇంకా చాలామంది నిలబడే ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. ఆ నిశ్శబ్దమే పానకాలుకి బాధ అనిపించింది.

శ్రీమన్నారాయణ చప్పరం చుట్టూ ఒకసారి తిరిగాడు. గుంజకి ఒక పెద్ద రాగి మూత, బారెడు పొడవున్న ఇత్తడి గరిటె వేలాడుతున్నాయి.

“ఇవి డేగిసావేనా?”

“అవునండి,” అంది పొయ్యి దగ్గరున్న మస్తాన్‌బీ. వంటంతా ఆవిడ చేతిమీదే జరుగుతుంది. “మొన్నా అక్కడే ఉన్నాయి. వాటినెవరూ ముట్టుకోలేదు.”

“డేగిసాకి కాపలా ఉండదా?”

“ఎవరెత్తుకుపోతారండీ అంత దాన్ని? మధ్యాహ్నం గంజి పోసేశాక కడిగి పొయ్యి మీదే బోర్లిస్తాను. రాత్రి నమాజులయ్యాక జొన్నపిండి కలిపి అందులోనే పులియబెడతాను. పొద్దున్నకి పులిసిన అంబలి కాచుకోవచ్చు.”

“పోయిన రోజు కడిగేటప్పుడు దాన్లో ఏమైనా తేడా కనిపించిందా?”

మస్తాన్‌బీ ఆలోచించింది. “తేడా అంటే... లోపల తెల్లగా ఉండాలి కదండీ కళాయి. తుడిచినప్పుడల్లా గుడ్డ నల్లబడేది. కొత్త కళాయి కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నా.” దండెం మీదినుంచి ఒక గుడ్డ తీసి ఇచ్చింది. దానిమీద సీసపు రంగు మరకలు చారలు చారలుగా ఉన్నాయి.

“కళాయి ఎవరు పోశారు?”

“మా హయాతండి. ఊళ్లో కళాయి పని తెలిసింది అతనొక్కడే. రంజానుకి ముందు ఊరికే చేసి పెట్టాడు. ఇప్పుడు ఆ పని ఎక్కడుంది? అందరూ అల్యూమినియం గిన్నెలు కొంటున్నారు. చలమయ్యగారి కల్లంలో కాపలా ఉంటున్నాడు.”

శ్రీమన్నారాయణ గుంజకున్న మూత దించి తిరగేశాడు. జేబులోంచి తెల్ల కాగితం తీసి, మూత లోపలి భాగాన గట్టిగా రుద్దాడు. కాగితం మీద పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పానకాలు చూశాడు గానీ అందులో విశేషమేమిటో తెలియలేదు.

వరసలోంచి ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. పేరు చెంచమ్మ. కూలి చేసుకునే మనిషి. చంకలో నాలుగేళ్ల మనవరాలు తల వాల్చేసి ఉంది.

“గుంటూరు బాబుగారంట కదా. డేగిసా దొరుకుద్దా బాబూ?”

“దొరుకుతుంది. పాపకి ఒంట్లో బాలేదా?”

“కడుపునొప్పి బాబూ. మెలికలు తిరిగిపోయింది. మార్టూరు డాక్టరు మందిచ్చాడు. పిల్లలు ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా అట్టాగే పడ్డారు. నిన్నటినుంచి కాస్త నయం.”

“డేగిసా పోకముందు గంజి రుచి ఎలా ఉండేది?”

“అదేదో తియ్యతియ్యగా ఉండేది. పులిసిన గంజి పుల్లగా గదా ఉండాల? ఆకలి బాబూ, ఎవురు పట్టించుకుంటారు.”

అప్పటికే ఒక బలమైన కుర్రవాడు వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. “నేను మీరావలినండి. మీరు ఇక్కడ గంజి రుచులు అడుగుతూ కూర్చుంటే ఎలా? చప్పరం వెనక్కి రండి. జాడ చూపిస్తా.”

చప్పరం వెనక సందులో మెత్తటి మట్టి మీద బండి చక్రాల జాడలు ఇంకా చెరిగిపోలేదు. ఆ సందులోకి ఎవరూ రాకుండా మీరావలి ముళ్లకంప అడ్డం వేయించాడు. రెండు చక్రాల జాడల మధ్య, పొయ్యికి దగ్గరగా, నేల మీద అడ్డంగా ఒక లోతైన గీత ఉంది.

“ఈ జాడ తిన్నగా చలమయ్య కల్లానికి పోతుంది. ఇంకేం కావాలండి?”

“జాడను కాపాడినందుకు మెచ్చుకోవాలి,” అన్నాడు శ్రీమన్నారాయణ. “కర్రల సంగతి మాత్రం సాయంత్రం దాకా ఆపు. నాకు మాట ఇవ్వు.”

మీరావలి నాగూర్ వలి వైపు చూసి, ఇష్టం లేకుండానే తల ఊపాడు.

*

ఊరి చివర ఉన్న కొద్దిపాటి కల్లాలూ ఎండలో ఎర్ర దుప్పట్లు పరిచినట్టున్నాయి. ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. అన్నిట్లోకీ పెద్దది చలమయ్య కల్లం. ఆయన గేటు దగ్గరే ఎదురయ్యాడు. తలపాగా, చేతిలో ముల్లుగర్ర, దూరానికి కూడా వినిపించే గొంతు.

“దొంగని పట్టడానికి గుంటూరునించి తెచ్చారా? మంచిదే! నా కల్లం చూసుకోండి, నా ఇల్లు చూసుకోండి. ఆ కుర్రకుంకలు మాత్రం గడప తొక్కడానికి లేదు. కర్రలు పట్టుకుని వస్తే ఎవడు రానిస్తాడయ్యా?”

“మీకు గంజి కేంద్రం అంటే పడదట?”

“పడదు. ఎవడిముందైనా చెబుతా. కాయ చెట్టునే రాలిపోతుంటే కోతకి పిలిస్తే ఒక్కరు రారు. ఊరికే తిండి పెడితే ఎందుకొస్తారు? పడకపోతే మాత్రం గంజి డేగిసా ఎత్తుకొస్తానా?”

“మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“చిలకలూరిపేటలో. కాయ మచ్చు పట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్లా. నిన్న పొద్దున బస్సుకి వచ్చా.”

మాట్లాడుతూనే కల్లంలోకి దారితీశాడు. మిరపకాయలు పలచగా ఆరబోసి ఉన్నాయి. ఒక మూల కాపలా గుడిసె. దాని ముందు మాత్రం నిలువెత్తు కుప్ప ఒకటి, సగం పరదా కప్పి ఉంది.

చలమయ్య కన్ను దానిమీద పడింది. “ఒరేయ్ హయాత్! నిన్న కూడా చెప్పా గదరా, ఆ కుప్ప ఇంకా ఆరబోయలేదేం? ఎండ ఇంత బాగా కాస్తుంటే!”

గుడిసెలోంచి ముప్పై అయిదేళ్ల మనిషి వచ్చాడు. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. “అది పచ్చికాయ అయ్యా. చేలోంచి మొన్ననే వచ్చింది. ఇంకో రోజు మగ్గితే రంగొస్తుందని ఉంచా.”

“ఏం మగ్గటమో. రేపు తప్పకుండా పరిచెయ్.”

శ్రీమన్నారాయణ కుప్ప పక్కన నిలబడి పరదా కిందనుంచి ఒక కాయ తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల గింజలు గలగలమన్నాయి. కాయను జేబులో వేసుకున్నాడు.

“మొన్న సాయంత్రం చేలోంచి బండి తోలింది ఎవరు?”

“నేనేనండి,” అన్నాడు హయాత్.

“మసీదు వెనక సందులోంచి వచ్చావా?”

“దగ్గర దారి కదండీ.”

“ఒక్కపొద్దు విడవడానికి మసీదుకి వెళ్లలేదా?”

“కల్లం వదిలి వెళ్లకూడదండి. ఇక్కడే ఇంత ఉప్పుగల్లు నాలిక మీద వేసుకుని విడుస్తా.” అతను తల ఎత్తలేదు.

గుడిసె పక్కన నేలలో చిన్న గుంట తవ్వి ఉంది. అందులో బొగ్గులు, పక్కన తోలు తిత్తి. గుడిసె చూరులో నల్లబడిన దూది ముద్ద, తెల్లటి గడ్డ ఒకటి కాగితంలో చుట్టి దోపి ఉన్నాయి.

“పటిక,” అన్నాడు పానకాలు.

శ్రీమన్నారాయణ గోటితో గీరి వాసన చూశాడు. మళ్లీ అక్కడే పెట్టాడు. తర్వాత చలమయ్య వైపు తిరిగాడు.

“సాయంత్రం పొద్దు గూకే లోపు ఊరివాళ్లని కొంతమందిని ఇక్కడికే తీసుకొస్తాను. మీరావలి కూడా వస్తాడు, కర్ర లేకుండా. మీరు ఒప్పుకోవాలి.”

“నన్ను దొంగని చెయ్యడానికా?”

“మిమ్మల్ని ఆ మాటనుంచి తప్పించడానికి.”

చలమయ్య ఆయన మొహంలోకి కాసేపు చూసి, “రమ్మనండి,” అన్నాడు.

*

పొద్దు వాలింది. కల్లంలో ఒక పక్క నాగూర్ వలి, మీరావలి, మసీదు వీధివాళ్లు నిలబడ్డారు. ఇంకో పక్క చలమయ్య, ఆయన పాలేళ్లు. మధ్యలో మస్తాన్‌బీ, మనవరాలిని ఎత్తుకున్న చెంచమ్మ. హయాత్ గుడిసె గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు పక్కలవాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం లేదు.

“డేగిసా ఈ కల్లంలోనే ఉంది,” అన్నాడు శ్రీమన్నారాయణ.

మీరావలి ఒక్క అంగ ముందుకు వేశాడు. “నేను చెప్పలా!”

“ఆగు. చలమయ్యగారికి ఆ సంగతి తెలియదు. అది కూడా విను.” ఆయన గొంతు పెంచలేదు గానీ అందరికీ వినపడింది. “రాగి కోసం దొంగతనం చేసేవాడు ముందు ఏం తీస్తాడు? చంకలో పెట్టుకుని పోగలిగినవి. రాగి మూత, ఇత్తడి గరిటె చేతికందేట్టు గుంజకే ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా, ఎక్కడా అమ్మడానికి వీల్లేని డేగిసాను తీశాడు. ఈ తాలూకా అంతా గుర్తుపట్టే వస్తువది. కాబట్టి అమ్ముకోవడానికి కాదు. ఆ డేగిసాలో వంట జరక్కూడదు, అంతే అతనికి కావలసింది.”

“వంట జరక్కూడదని అనుకునేది చలమయ్య ఒక్కడే గదండీ!”

“నేనూ మొదట అలాగే అనుకున్నాను. బండి జాడ కూడా ఇక్కడికే వచ్చింది. అయితే ఆ జాడల మధ్య అడ్డంగా ఒక గీత ఉంది. బండి కాడి పైకి ఎత్తితే వెనక భాగం నేలకి ఆనుతుంది. ఆ గీత అదే. అలా ఆనించి, ఖాళీ డేగిసాను దొర్లించి లోపలికి ఎక్కించారు. నలుగురు మనుషులుంటే ఎత్తి పెట్టేవారు. ఆ అవస్థ పడ్డాడంటే వచ్చింది ఒక్క మనిషి. చలమయ్యగారికి పదిమంది పాలేళ్లున్నారు. ఆయన పురమాయిస్తే ఒక్కడే రావడమేమిటి?”

చలమయ్య పాలేళ్లలో ఒకడు అవునన్నట్టు గొణిగాడు.

“ఇంకో సంగతి. మధ్యాహ్నం నేను ఇక్కడికి వచ్చినప్పుడు చలమయ్యగారు నా ఎదుటే ఈ కుప్ప ఎందుకు ఆరబోయలేదని కేకలేశారు. దాని కింద తాను దాచిన వస్తువు ఉంటే, దొంగను పట్టడానికి వచ్చినవాడి ముందు ఆ కుప్ప పరచమని ఎవరైనా అంటారా?”

అందరి చూపూ కుప్ప మీదికి తిరిగింది.

“పచ్చికాయ మగ్గుతోందని చెప్పారు నాకు. ఇది ఆ కుప్పలోదే.” జేబులోంచి మిరపకాయ తీసి మీరావలి చేతిలో పెట్టాడు. “ఆడించు.”

గింజలు గలగలమన్నాయి. మిరప పండించే ఊరు అది. ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎండిన కాయను కుప్ప పోసి పరదా కప్పేవాడు ఎవడూ ఉండడు.

“నేనే తీస్తానండి,” అన్న మాట వినిపించింది.

హయాత్ గుంజ వదిలి వచ్చి కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో కాయలు పక్కకి లాగడం మొదలుపెట్టాడు. ఘాటు లేచి జనమంతా దగ్గారు. ఎవరూ వెనక్కి మాత్రం జరగలేదు. కాసేపటికి ఎరుపులోంచి రాగి అంచు బయటపడింది. పాలేళ్లు చెయ్యి వేసి డేగిసాను కల్లం మధ్యకి దొర్లించారు.

“హయాతా?” అన్నాడు నాగూర్ వలి. “మన హయాత్ ఎందుకు చేస్తాడండీ?”

శ్రీమన్నారాయణ మడిచిన కాగితం విప్పి ఆయనకి చూపించాడు. “మూత లోపల రుద్దితే పడిన గీత ఇది. తగరంతో పోసిన కళాయి కాగితం మీద ఇలా గియ్యదు. సీసం గీస్తుంది. మస్తాన్‌బీగారి గుడ్డ మీద మరకలు కూడా అవే. పుల్లటి అంబలి రాత్రంతా ఆ సీసంలో నానితే రుచి తీపెక్కుతుంది. తాగిన పిల్లలకి కడుపులో మెలిపెడుతుంది. డేగిసా పోయిన మర్నాటినుంచీ పిల్లలకి నయమైందని చెంచమ్మే చెప్పింది. గుడిసెలో తిత్తి, బొగ్గులు, దూది సిద్ధంగా ఉన్నాయి. నువ్వు పటిక అనుకున్నావే పానకాలూ, అది నవాసారం. కళాయి అంటుకోవడానికి రాగి మీద రాసేది. మళ్లీ కళాయి పొయ్యాలని చూస్తున్నాడు. మిగతాది అతనే చెప్పాలి.”

హయాత్ లేవలేదు. చేతులు మిరప మంటకి ఎర్రబడి ఉన్నాయి.

“మసీదులో అందరూ తినని పూట ఖరీదు ఇస్తామని ఒక్కొక్కరే లేచి చెప్పారండి. నా వంతు వచ్చింది. నాకు మామూలు రోజుల్లోనే పగటి తిండి లేదు. మానుకున్నానని ఏం తెచ్చి ఇవ్వను? అందుకని డేగిసాకి కళాయి పోస్తానన్నా. అందరూ సంతోషించారు. తగరం చూస్తే నా దగ్గర గుప్పెడే ఉంది. బజారులో దొరకలేదు. పాత సీసం కలిపా. ఒక్క నెలే కదా, ఏం కాదులే అనుకున్నా.” అతను చెంచమ్మ వైపు చూడబోయి ఆగిపోయాడు. “పాప సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలా. చీరాలలో మా బావమరిదిని తగరం పంపమన్నా. అది వచ్చేదాకా ఆ గంజి ఎవరూ తాగకూడదని తీసుకొచ్చి దాచా.”

“చెప్పొచ్చు కదరా!” అన్నాడు నాగూర్ వలి.

“ఎలా చెప్పనండి? పిల్లలకి విషం పెట్టానని ఎలా చెప్పను?”

“విషం పెడుతున్నావని తెలిశాక ఆపావు. అది మంచి పనే,” అన్నాడు శ్రీమన్నారాయణ. మొదటిసారి ఆయన మాట కరుగ్గా వచ్చింది. “కానీ నీ బదులు ఇంకో మనిషిని దొంగంటుంటే రెండు రోజులు ఇక్కడే నిలబడి విన్నావు. రేపు పొద్దున ఈ కల్లం తగలబడేది. తలలు పగిలేవి. అప్పుడు కూడా చెప్పేవాడివి కాదేమో.”

హయాత్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకోబోయి, మిరప ఘాటు తగిలి దించేశాడు. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

ఊరివైపునుంచి మసీదు బాంగు వినిపించింది. పొద్దు గూకింది. ఒక్కపొద్దు విడవవలసిన వేళ. ఎవరి దగ్గరా ఏమీ లేదు. చలమయ్య పాలేళ్లలో ఒకణ్ని కసిరాడు. “నిలబడి చూస్తావేంరా? కుండలో నీళ్లు పట్రా. పెద్దవాళ్లు పొద్దుటినుంచీ మంచినీళ్లు లేకుండా ఉన్నారు.”

నీళ్లు వచ్చాయి. నాగూర్ వలి ఒక గుక్క తాగి చెంబు మీరావలికి అందించాడు. మీరావలి తాగి, చెంబు పట్టుకునే చలమయ్య దగ్గరికి వెళ్లాడు. “నేను నోరు జారాను. తప్పయింది, పెదనాన్నా.”

“కర్రలు అన్నావు గదరా. నోరొక్కటే కాదు,” అన్నాడు చలమయ్య. అయినా కుర్రవాడి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత హయాత్ వైపు తిరిగాడు. “నా కల్లంలో దాచి, నన్ను ఊరందరి నోళ్లలో పెట్టావు. నిన్ను తన్నాలి. ఎంత తగరం కావాలో చెప్పు. పొద్దున మొదటి బస్సుకి చీరాల మనిషిని పంపుతా. ఊరికే కాదు, నీ జీతంలో కోస్తా. ఎవరూ నవ్వక్కర్లేదు, నేను కూలి కూడా పెంచను.”

ఎవరో నవ్వనే నవ్వారు.

హయాత్ చెంబు ముట్టుకోలేదు. మోకాళ్ల మీదే చెంచమ్మ దగ్గరికి జరిగి, తల వంచుకుని ఉండిపోయాడు. ఈ ఒక్క మనిషి ఏమంటుందో అన్నదే ఇప్పుడు మిగిలింది.

చెంచమ్మ మనవరాలిని ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

“నా పిల్ల రెండు రాత్రులు అరిచిందిరా,” అంది. “ఆ అరుపు నేను మర్చిపోను. నువ్వూ మర్చిపోమాక.” చెంబు వైపు చెయ్యి చూపించింది. “నీళ్లు తాగు. రేపు పని చెయ్యాల.”

*

శుక్రవారం పిచ్చికలదిన్నెలో ఒక్క ఇంట్లో కూడా పగటి పొయ్యి వెలగలేదు. శ్రీమన్నారాయణ, పానకాలు నాగూర్ వలి ఇంట్లోనే ఉండిపోయారు. తాము కూడా ఏమీ తినకుండా ఉండిపోయారు. పొద్దెక్కేసరికి చుట్టుపక్కల ఊళ్లనుంచి బండ్లు వచ్చాయి. తగరం కూడా వచ్చింది. మసీదు చప్పరం వెనక హయాత్ డేగిసాను బాగా కాల్చి, సీసమంతా గీకి, నవాసారం రాసి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పట్టించాడు. మీరావలి తిత్తి ఊదాడు. పని అయ్యాక శ్రీమన్నారాయణ తెల్ల కాగితం తీసి లోపల నాలుగు చోట్ల రుద్దాడు. కాగితం మీద ఎక్కడా గీత పడలేదు.

మస్తాన్‌బీ గంజి కాచింది. ఉడుకుతున్న వాసన వీధంతా వచ్చింది. వరస ఎప్పటికన్నా పొడుగ్గా ఉంది. కానీ గిన్నె ముందుకు చాపేవాళ్లు లేరు. అందరూ డేగిసా వైపు, హయాత్ వైపు చూస్తూ నిలబడ్డారు.

హయాత్‌కి అర్థమైంది. గరిటె అందుకున్నాడు. “ముందు నేను తాగుతాను.”

“ఒక్కపొద్దు!” అన్నాడు నాగూర్ వలి కంగారుగా.

“పోనివ్వండి. తర్వాత ఇంకో రోజు ఉంటాను.”

వరసలో ఎక్కడో వెనక ఉన్న చెంచమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మనవరాలిని మస్తాన్‌బీ చేతికిచ్చి, తన సత్తు గిన్నె హయాత్ ముందు పెట్టింది.

“నీ ఒక్కపొద్దు చెడగొట్టుకోమాక. నాకు పొయ్యి.”

అతను గరిటె ముంచి గిన్నెలోకి వంచాడు. గంజి సగం గిన్నెలో, సగం నేల మీద పడింది. చెంచమ్మ గిన్నె ఎత్తి, వేడి ఊదుకుంటూ, మొత్తం తాగేసింది. ఖాళీ గిన్నె మళ్లీ చాపింది.

“ఈసారి నిండా పొయ్యి,” అంది. “ఇది పిల్లకి.”